షోమోన్ తోటల ఉత్సవం: వీలైతే సెప్టెంబరు చివర్లో వెళ్ళండి

ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున, షోమోన్ కోట ఆవరణలో ఏటా అంతర్జాతీయ తోటల ఉత్సవం జరుగుతుంది. ఎప్పుడు వెళ్తే బాగుంటుందని అడిగేవాళ్లందరికీ నేను చెప్పేది సెప్టెంబరు చివరి వారం. ఏప్రిల్ నెలాఖరులో తెరిచి నవంబరు మొదట్లో మూస్తారు. సెప్టెంబరు నాటికి అక్కడి తోటలు వసంతం చూసి, ఎండలకు ఓర్చుకుని, వానలకు తడిసి, వేలకు వేల మంది నడిచిన దారులతో ఉంటాయి. ఏ తోట నిలిచిందో ఏది నిలవలేదో అప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది.

నేను తోటలు డిజైన్ చేయను. డిజైన్ చేసినవాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయాక వాటిని బతికించే పని నాది. నీళ్లు, ఎరువు, కత్తిరింపు, పోయిన మొక్క చోట ఇంకోటి నాటడం, ఇదే నా జీవనం. అందుకే ఏ ప్రదర్శనకు వెళ్ళినా ముందు నేల చూస్తాను. మట్టి నెర్రెలిచ్చిందా, మల్చ్ (తేమ పోకుండా నేల మీద పరిచే ఆకులు, బెరడు పొర) ఎంత మందాన వేశారు, డ్రిప్ పైపు ఎటు నుంచి తెచ్చారు, ఆకుల అంచులు మాడాయా అని వెతుకుతాను. పూల దగ్గరికి ఆ తర్వాత వస్తాను. ఈ సమీక్ష కూడా ఆ వరసలోనే ఉంటుంది.

ఉత్సవం 1992లో మొదలైంది. దాన్ని స్థాపించిన వ్యక్తి జాన్-పోల్ పిజా. ఏటా ఒక అంశం ప్రకటిస్తారు. ఆ అంశం మీద వందలాది జట్లు ప్రతిపాదనలు పంపితే, న్యాయనిర్ణేతలు ఇరవై పైచిలుకు ఎంపిక చేస్తారు. ఎంపికైన జట్టుకు సుమారు 200 చదరపు మీటర్ల మడి ఇస్తారు. కాగితం మీద గీసింది అక్కడ నిజంగా కట్టాలి, నాటాలి. ఆర్కిటెక్టులు, ల్యాండ్‌స్కేప్ డిజైనర్లు, శిల్పులు, నాటక రంగానికి సెట్లు వేసేవాళ్లు, విద్యార్థులు, అందరూ పోటీ పడతారు. ఈమధ్య అంశాలు చూస్తే ఉత్సవం ధోరణి అర్థమవుతుంది. 2021లో ప్రకృతిని అనుకరించే తోట, 2022లో ఆదర్శ తోట, 2023లో దెబ్బలకు తట్టుకుని నిలిచే తోట, 2024లో జీవానికి మూలమైన తోట, 2025లో 'అనగనగా ఒక తోటలో'.

నాకు ఇక్కడ అన్నింటికన్నా నచ్చినవి హెడ్జ్‌లు, అంటే గోడలా పెంచి కత్తిరించే మొక్కల వరసలు. ఏ పోటీలోనూ లేని, ఎవరూ ఫొటో తీయని హెడ్జ్‌లు. ఈ మడుల నమూనా బెల్జియానికి చెందిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు జాక్ విర్ట్స్ ఇచ్చారు. మడికీ మడికీ మధ్య మనిషిని మించిన ఎత్తున పచ్చటి గోడలు పెంచారు. ఒక సందులోంచి లోపలికి వెళ్తాం, ఒక తోట చూస్తాం, బయటికి వస్తాం. బయట కాసేపు ఆకుపచ్చ తప్ప ఏమీ ఉండదు. కళ్లు సేదతీరాక తర్వాతి తోట వస్తుంది. ఆర్కిటెక్చర్ ప్రదర్శనల్లో నాకు దొరకనిది ఇదే. వెనిస్‌లో రెండేళ్లకోసారి జరిగే ఆర్కిటెక్చర్ ప్రదర్శన బియన్నాలేలో, ఆర్సెనాలే భవనంలో నడిచినప్పుడు ఒక మోడల్ చూస్తుండగానే పక్కన ఇంకో తెర మీద వీడియో పిలుస్తుంది. సగం దూరం వెళ్ళేసరికి ఏం చూశానో గుర్తుండదు. షోమోన్‌లో పాతిక తోటలు చూసినా దేనికది విడిగా గుర్తుంటుంది.

ఆ హెడ్జ్‌లు చేసే ఇంకో పని చాలామంది గమనించరు. గాలిని ఆపుతాయి, మధ్యాహ్నం కొంత నీడ ఇస్తాయి, కాబట్టి మడి లోపల తేమ నిలుస్తుంది. అదే సమయంలో అంచున ఉన్న నీళ్లన్నీ వాటి వేళ్లే తాగేస్తాయి. హెడ్జ్‌కు మూరెడు దూరంలో నాటిన మొక్కకూ మడి నడుమ నాటిన మొక్కకూ సెప్టెంబరు నాటికి ఎంతో తేడా వస్తుంది. అనుభవం ఉన్న జట్లు అంచు వెంట దారి వేస్తాయి, లేదా పొడి నేలను ఓర్చుకునే మొక్కలు పెడతాయి. పచ్చదనం గోడ దాకా ఒకేలా ఉండాలని కంప్యూటర్ బొమ్మలో గీసుకున్నవాళ్ల మడిలో మాత్రం చివరి వరస గిడసబారిపోతుంది. ఆ ఒక్క వరస చూస్తే ఆ జట్టులో మట్టి పని తెలిసినవాళ్లు ఉన్నారో లేదో నాకు తెలిసిపోతుంది. ఈసారి వెళ్ళినప్పుడు మీరూ చూడండి.

దీన్ని లండన్‌లో జరిగే చెల్సీ ఫ్లవర్ షోతో పోల్చి చూడాలి, ఎందుకంటే తోటల పోటీ అనగానే అందరికీ గుర్తొచ్చేది అదే. రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 1913 నుంచి దాన్ని రాయల్ హాస్పిటల్ మైదానంలో జరుపుతోంది. మే నెలలో, ఐదు రోజులు. ఆ ఐదు రోజుల కోసం మూడు వారాల పాటు పెద్ద తోటలు కడతారు. చెట్లను క్రేన్లతో దింపుతారు, గోడలు లేపుతారు, కాలువలు పారిస్తారు. అక్కడి పనితనం మీద నాకు చాలా గౌరవం ఉంది. ముఖ్యంగా నర్సరీల వాళ్లది మామూలు నైపుణ్యం కాదు. ముందే పూసేదాన్ని చల్లటి గదుల్లో ఆపుతారు, ఆలస్యంగా పూసేదాన్ని వెచ్చటి గాజు ఇంట్లో తొందరపెడతారు, అన్నీ ఒకే వారంలో విచ్చుకునేలా చేస్తారు. నెలల తరబడి ఆ లెక్క తప్పకుండా చూసుకోవడం ఎంత కష్టమో మొక్కలు పెంచేవాళ్లకు తెలుస్తుంది.

చెల్సీ పతకాల పద్ధతి కూడా న్యాయంగా ఉంటుంది. అక్కడ బంగారు పతకం అంటే మొదటి స్థానం అని చాలామంది అనుకుంటారు. నిజానికి బంగారం, వెండి మీద బంగారు పూత, వెండి, కంచు అనే నాలుగు మెట్లున్నాయి. ఏ తోట ఏ ప్రమాణం అందుకుంటే ఆ పతకం ఇస్తారు. అందరూ అందుకుంటే అందరికీ బంగారమే. డిజైనర్ తన తోట ఎవరి కోసం, దేని కోసం అని ముందే రాసిస్తాడు. న్యాయనిర్ణేతలు ఆ రాతను చేతిలో పెట్టుకుని, చెప్పింది చేశాడా లేదా అని చూస్తారు. వాటన్నింటిలోంచి ఒకదాన్ని ఉత్తమ ప్రదర్శన తోటగా విడిగా ఎంచుతారు. 2022లో ఆ గౌరవం లూలూ అర్కర్ట్, ఆడమ్ హంట్ చేసిన తోటకు దక్కింది. బీవర్ జంతువు కట్టినట్టుండే ఆనకట్ట, దాని పక్కన వాగు, కలుపు అని మనం పీకేసే స్థానిక మొక్కలు, అంతే. ఇది తోటేనా అని అప్పట్లో పెద్ద వాదన నడిచింది. నా ఓటు దానికే. అడవి అంచులా కనిపించేట్టు నాటడం, వరసలో రంగురంగుల పూలు పేర్చడం కన్నా కష్టమైన పని.

అయినా చెల్సీ తోట ఐదు రోజుల తోట. కుండీల్లో పెరిగిన మొక్కలను తెచ్చి, దగ్గరదగ్గరగా సర్ది, సందుల్లో మల్చ్ నింపుతారు. వేళ్లు కొత్త మట్టిలోకి దిగేలోపే ప్రదర్శన అయిపోతుంది. మొక్కలు ఒకదానితో ఒకటి పోటీ పడే సమయం రాదు, చీడ పట్టే సమయం రాదు, నీళ్లు పెట్టే మనిషి సెలవు పెట్టే సమయమూ రాదు. కరోనా వల్ల 2021లో ఒక్కసారి మే నుంచి సెప్టెంబరుకు మార్చారు. చెల్సీ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. అప్పుడు గడ్డిజాతి మొక్కలు, ఆస్టర్లు, డేలియాలు, గింజకట్టిన తలలు ముందుకు వచ్చాయి. తోటకు మే ఒక్కటే నెల కాదని అంత పెద్ద వేదిక మీద చూపించినందుకు నాకు చాలా సంతోషం వేసింది. ఈమధ్య అక్కడి తోటలు చాలావాటిని ప్రదర్శన తర్వాత ఇంకోచోటికి తరలించి శాశ్వతంగా నాటుతున్నారు. 2023లో ఉత్తమ తోటగా నిలిచిన హొరేషియోస్ గార్డెన్ వెన్నెముక గాయాల రోగుల కోసం షెఫీల్డ్ ఆసుపత్రికి వెళ్ళేలా రూపొందింది. చార్లెట్ హారిస్, హ్యూగో బగ్ దాన్ని గీసింది చక్రాల కుర్చీలో, మంచం మీద ఉన్నవాళ్ల కంటి ఎత్తుకు సరిపోయేలా. తర్వాత ఎవరు వాడతారో ముందే తెలిసినప్పుడు డిజైన్ ఎంత మారుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

షోమోన్‌లో ఐదు రోజుల్లో అయిపోతుందన్న ధీమా ఉండదు. ఏప్రిల్‌లో తెరిచినప్పుడు మొక్కలు చిన్నవి, మధ్యలో మట్టి కనిపిస్తుంది. ఆరు నెలలు ఆగాలి. జట్టు ఎన్ని మొక్కలు ఎంత దూరంలో నాటిందో, ఏది ఎంత పెరుగుతుందని అనుకుందో, ఆ అంచనా అంతా అందరి ముందే పరీక్షకు నిలబడుతుంది. జూన్‌లో బాగా కనిపించినది ఆగస్టులో పక్క మొక్కను మింగేసి ఉండొచ్చు. ఏప్రిల్‌లో వెలవెలపోయినది సెప్టెంబరులో నిండుగా ఊగుతూ ఉండొచ్చు. అద్దాలు, తెల్లరంగు చెక్క, లోతులేని నీటి తొట్లు, ఇవి ఏ పోటీ బొమ్మలోనైనా అందంగా ఉంటాయి. ఎండాకాలం గడిచాక తొట్టిలో నాచు పడుతుంది, తెల్లచెక్క అడుగున మట్టి చిమ్మి గోధుమరంగు గీత వస్తుంది, గులకరాళ్లు జనం కాళ్లకు తగిలి మడుల్లోకి చేరతాయి. అలాంటివి చూసి నేను డిజైనర్‌ను తప్పుపట్టను. వాటిని చూసుకునే మనిషికి రోజుకు ఎంత పని మిగిల్చాడో లెక్కేసుకుంటాను, అంతే. నచ్చిన తోటను మాత్రం ఆ లెక్కతోనే ఎంచుకుంటాను.

పోటీలంటేనే కాగితం మీద గెలవడం అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ పోటీ చూడండి. 1858లో 33 నమూనాలు వచ్చాయి, ఫ్రెడరిక్ లా ఆల్మ్‌స్టెడ్, ఆర్కిటెక్టు కాల్వర్ట్ వాక్స్ కలిసి ఇచ్చినది గెలిచింది. ఇప్పుడు ఈ స్థలం ఇలా ఉంది, మేము చేశాక ఇలా ఉంటుంది అని జంట బొమ్మలు పెట్టి చూపించారు వాళ్లు. ఈరోజు పోటీల్లో అందరూ చేసేది అదే. అయితే ఆల్మ్‌స్టెడ్ అప్పటికే ఆ స్థలానికి సూపరింటెండెంటు. బురద ఎక్కడ నిలుస్తుందో, బండ ఎక్కడ తేలిందో రోజూ కూలీలతో నడిచి తెలుసుకున్నవాడు. నగరం బళ్లు పార్కుకు అడ్డంగా వెళ్ళక తప్పదు కాబట్టి ఆ నాలుగు రోడ్లను నేల మట్టానికి కిందికి దించేయాలన్న ఆలోచన వాళ్లది. పచ్చిక మీద నిలబడ్డవాళ్లకు ఆ రోడ్లు కనబడవు. నేల తెలిసిన మనిషి పోటీలో ఉంటే కాగితం కూడా నిజం చెబుతుందని నేను నమ్ముతాను. షోమోన్ పోటీలో గీసేవాళ్లూ నాటేవాళ్లూ ఒకే జట్టుగా వచ్చిన తోటలు నాకు నచ్చడానికి కారణం అదే.

ఈ ఉత్సవం ప్రపంచానికి ఇచ్చినవాటిలో బాగా పేరొచ్చింది నిలువు తోట. వృక్షశాస్త్రవేత్త పాత్రిక్ బ్లాన్ 1994లో ఇక్కడ తన పచ్చటి గోడ చూపించాక అది నలుగురి కళ్లలో పడింది. మట్టి లేకుండా, గుడ్డలాంటి పొర మీద వేళ్లు పాకేలా, పై నుంచి పోషకాలు కలిపిన నీరు జారేలా చేశాడు. ఉష్ణమండల అడవుల్లో చెట్ల కింద బండల మీద మొక్కలు ఎలా బతుకుతాయో ఏళ్లపాటు చదివినవాడు కాబట్టి అతనికి అది సాధ్యమైంది. తర్వాత పారిస్‌లో కే బ్రాన్లీ మ్యూజియం గోడ, మాడ్రిడ్‌లో కైషాఫోరం గోడ వచ్చాయి. ఆపైన ప్రతి కార్పొరేట్ ఆఫీసుకూ ఒక పచ్చగోడ ఫ్యాషన్ అయింది. నేను అలాంటి గోడలు చూసుకున్నాను. పంపు ఆగిందంటే టెన్షన్ మొదలు. మట్టి లేదు కాబట్టి దాచుకున్న తేమ ఉండదు, వేసవిలో ఎక్కువ గంటలు ఓర్చుకోవు. బ్లాన్ గోడ నిలిచింది మొక్కల ఎంపిక వల్ల. పై భాగంలో ఎండ, గాలి ఓర్చేవి, కింద నీడా తేమా కోరేవి. ఆ ఎంపికను వదిలేసి ఫ్రేమును మాత్రం కాపీ కొట్టినవాళ్ల గోడలు ఎండిపోతూనే ఉంటాయి.

నాకు అంతగా నచ్చనిది కూడా చెప్పాలి. ఏటా ఒక అంశం ఉండటం వల్ల కొన్ని తోటలు ఆ అంశానికి వివరణలా తయారవుతాయి. నడుమ ఒక పెద్ద వస్తువు, దాని చుట్టూ అలంకారంగా మొక్కలు. బోర్డు చదివితేనే తోట అర్థమయ్యే పరిస్థితి వస్తే అది నాకు శిల్ప ప్రదర్శనే. ఇది షోమోన్ ఒక్కదానికే ఉన్న గుణం కాదు, అంశం ఇచ్చి పోటీ పెట్టే చోటల్లా వచ్చేదే. 2023 అంశం, దెబ్బలకు తట్టుకుని నిలిచే తోట, నాకు ఎంతో నచ్చడానికి కారణం, అది మొక్కల్ని తప్పించుకుని పోనివ్వదు. కరువుకు తట్టుకునే తోట అని చెప్పి సెప్టెంబరులో ఎండిపోయిన మడి చూపించలేరు కదా. అలాంటి అంశాలు ఎక్కువ రావాలి.

మిగతా ఆవరణ గురించి క్లుప్తంగా. రాజు రెండో ఆన్రి చనిపోయాక రాణి కాథరీన్ దె మెదిసీ, అతని ప్రియురాలు దియాన్ దె పువాతియే దగ్గర షెనోన్సో కోట తీసుకుని బదులుగా ఇచ్చిన కోట ఇది. కపుర్తలా మహారాజు కానుకగా ఇచ్చిన ఏనుగును పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడి యజమానులు తమ గుర్రపుశాలల్లోనే ఉంచారు. ఆ శాలలు తప్పక చూడండి, గుర్రాలకు కట్టిన భవనాల్లో అంత శ్రద్ధ నేను వేరే ఎక్కడా చూడలేదు. పాత పార్కు ఆన్రి దుషేన్ వేసింది. అక్కడి దేవదారు చెట్ల కింద కూర్చుంటే పోటీ మడులన్నీ ఎంత కొత్తవో తెలుస్తుంది. 2012లో పది హెక్టార్ల గ్వాలూ పచ్చిక మైదానాలు చేర్చారు, వాటి రూపకల్పన లూయీ బెనెష్‌ది. వాటికి కనీసం రెండు గంటలు మిగుల్చుకోండి. పార్కులో ఆండీ గోల్డ్స్‌వర్దీ పేర్చిన రాతి గుట్ట, తదాషి కవామాతా చెక్కతో కట్టిన నది వైపు వేదిక కూడా ఉన్నాయి. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే లువార్ ఇసుక దిబ్బలు అక్కడి నుంచి బాగా కనిపిస్తాయి.

రైల్లో వెళ్ళేవాళ్లు ఓన్‌జాన్ స్టేషన్‌లో దిగాలి. స్టేషన్ నదికి అవతలి ఒడ్డున ఉంటుంది, వంతెన దాటి నడవాలి, ఆపైన కోట దాకా ఎత్తు ఎక్కాలి. కాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే వాహనం మాట్లాడుకోండి. పొద్దున్నే తోటల మడులతో మొదలుపెట్టండి, కోట లోపలి గదులు మధ్యాహ్నానికి ఉంచుకోండి. ఉదయపు వాలు వెలుగులో గడ్డిజాతి మొక్కలు వెనక నుంచి వెలుగుతాయి, మధ్యాహ్నం ఆ అందం సగం పోతుంది. ఒక్కో మడిలో ఫొటో తీసేముందు ఓసారి కింద కూర్చుని చూడండి. పిల్లల కంటి ఎత్తులో తోట వేరుగా ఉంటుంది.

ప్రదర్శన ముగిశాక ఏమవుతుందన్న ప్రశ్న ఏ తోటల పోటీనైనా వదలదు. జర్మనీలో 1951 నుంచి నడుస్తున్న జాతీయ తోటల ప్రదర్శనలు ఈ విషయంలో ఆదర్శం. నగరాలు దాన్ని అడ్డంపెట్టుకుని పాడుబడ్డ నేలను శాశ్వత పార్కుగా మార్చుకుంటాయి. 1983 అంతర్జాతీయ ప్రదర్శన కోసం వేసిన మ్యూనిక్ వెస్ట్‌పార్క్‌లో ఈరోజుకీ జనం నడుస్తున్నారు. అదే ఆలోచనతో బ్రిటన్ 1984లో లివర్‌పూల్‌లో మొదటి జాతీయ తోటల ఉత్సవం జరిపింది. చూడటానికి లక్షల మంది వచ్చారు. తర్వాత ఎవరు చూసుకోవాలన్నది తేలక, ఆ స్థలంలో పెద్ద భాగం ఏళ్ల తరబడి పిచ్చిమొక్కల పాలైంది. తేడా డిజైన్‌లో లేదు. తోటమాలుల జీతాలకు పద్దు ఉందా లేదా అన్నదే తేడా. కెనడాలో క్యుబెక్‌లోని మెటిస్ తోటల్లో 2000 నుంచి జరిగే ఉత్సవం మధ్యేమార్గం పట్టింది, కొన్ని తోటల్ని ఒక ఏడాదితో తీసేయకుండా మళ్లీ ఏడాదికీ ఉంచుతుంది. మంచు కింద ఒక చలికాలం గడిపి మళ్లీ చిగురించిన తోటను చూపించే ఉత్సవాలు చాలా తక్కువ.

షోమోన్ అయినా చెల్సీ అయినా, ఇలాంటి ఏ ప్రదర్శన అయినా, తోట పక్కన బోర్డులో డిజైనర్ పేరు, అంశం, స్పాన్సర్ పేరుతో పాటు ఇంకో నాలుగు వరుసలు ఉండాలని నా కోరిక. తెరిచిన రోజు నుంచి ఎన్ని మొక్కలు మార్చారు, వారానికి ఎన్ని లీటర్ల నీళ్లు పోశారు, రోజుకు ఎన్ని గంటల మనిషి పని పట్టింది, చివరగా ఆ పని చేసిన తోటమాలి పేరు. ఆ బోర్డులున్న ఉత్సవం ఎక్కడ పెట్టినా నేను టికెట్ కొనుక్కుని వెళ్తాను.